దీనార్ అనే మాట కృష్ణా తీరానికి ఎప్పుడు వచ్చింది?

దీనార్ అనగానే మనకు కువైట్ గుర్తొస్తుంది. అరబ్బీ మాట కదా అనుకుంటాం. కానీ దాని మూలం రోమన్ల ‘దీనారియస్’ అనే వెండి నాణెం. ఉర్దూలో మనం ‘రూమ్’ అనే ఆ దేశంతో మన కృష్ణా డెల్టాకు దాదాపు 2000 ఏళ్ల కిందటే వ్యాపారం ఉంది.

రోమ్‌లో బతుకు ఎలా ఉండేది?

ఒకటో శతాబ్దంలో రోమ్ నగర జనాభా సుమారు 10 లక్షలని అంచనా. ధనవంతులకు పెద్ద లోగిళ్లు, సామాన్యులకు అంతస్తుల మీద అంతస్తుల అద్దె గదులు. గోధుమ రొట్టె, ఆలివ్ నూనె, పప్పుధాన్యాలు రోజువారీ తిండి. సాయంత్రం అయ్యేలోపు ఊరి స్నానశాలకు వెళ్లి, అక్కడే కబుర్లు చెప్పుకొనేవారు. ఇంటి చాకిరీ చాలావరకు బానిసలదే. ఒంటిమీద ఎక్కువగా ఉన్ని బట్టలే. అందుకే మన సన్నని నూలు బట్ట అంటే అక్కడ మోజు. మిరియాలైతే కలిగినవాళ్ల వంటలో లేకుండా కుదరదు.

మన ఊళ్లు వాళ్ల పుస్తకాల్లో

ఒకటో శతాబ్దంలో ఒక గ్రీకు వ్యాపారి రాసిన ‘పెరిప్లస్’ అనే ఓడప్రయాణ గ్రంథంలో ‘మసాలియా’ అనే తీరం ఉంది. అక్కడ సన్నని బట్ట విస్తారంగా నేస్తారని రాశాడు. రెండో శతాబ్దంలో టాలెమీ ఆ సీమనే ‘మైసోలియా’ అన్నాడు. మసూలిపట్నం అనే పేరుకు, ఈ మాటకు చుట్టరికం ఉందని కొందరు చరిత్రకారులు చెబుతారు. టాలెమీ చెప్పిన ‘కొంటకొస్సిల’ రేవు దివిసీమ పక్కనున్న నేటి ఘంటసాల. బందరుకు సుమారు 20 కిలోమీటర్లే. ఘంటసాల శాసనం ఒకటి ‘మహానావికుడు’ శివకుణ్ణి పేర్కొంటుంది. అంటే మనవాళ్లు కూడా సముద్రం మీద ఆరితేరినవాళ్లే.

రోమన్ల ఓడలు ఈజిప్టు రేవుల్లో బయల్దేరి, నైరుతి గాలి అందుకొని అరేబియా సముద్రం దాటేవి. వాటిలో ఎక్కువ భాగం మలబారు తీరంలో ఆగేవి. తూర్పు తీరం సరుకు స్థానిక పడవల్లో అక్కడికి చేరేది. శాతవాహనులు తమ నాణేల మీద రెండు తెరచాప కొయ్యలున్న ఓడ బొమ్మ ముద్రించారంటే, సముద్రపు బేరం ఎంత ముఖ్యమో అర్థమవుతుంది.

బంగారం ఇటు వచ్చింది

ఇండియా ఏటా 5 కోట్ల సెస్టర్సులు లాగేసుకుంటోందని ప్లినీ అనే రోమన్ రచయిత వాపోయాడు. నాలుగు సెస్టర్సులు ఒక దీనారియస్. అంటే ఏడాదికి కోటీ 25 లక్షల వెండి నాణేలన్నమాట. వినుకొండలో రోమన్ బంగారు నాణేలు, నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో వెండి నాణేలు బయటపడ్డాయి. మూడో శతాబ్దపు నాగార్జునకొండ శాసనంలో ఒక రాణి ఇచ్చిన 170 ‘దీనారి మాషకాల’ ప్రస్తావన ఉంది. ఇస్లాం రాకకు మూడు వందల ఏళ్లకు పైగా ముందే దీనార్ మాట కృష్ణ ఒడ్డున వాడుకలో ఉందన్నమాట!

మన చేతుల్లో ఉన్నది

ఈ చరిత్రంతా పుస్తకాల్లోనే లేదు, మన కాళ్ల కింద కూడా ఉంది. గుడివాడ, ఘంటసాల దిబ్బల గురించి అలెగ్జాండర్ రీ 1894లోనే రాశాడు. పునాది తవ్వేటప్పుడో, చెరువు మట్టి తీసేటప్పుడో పాత నాణెం దొరికితే కరిగించడానికి ఇచ్చేయకండి. కరిగితే మిగిలేది కాస్త లోహం, పోయేది మన ఊరి సాక్ష్యం. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం, పది రూపాయలకు మించిన విలువైన పాత నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. సెలవు రోజున పిల్లల్ని ఘంటసాల మ్యూజియానికి తీసుకెళ్లండి. ఈ మట్టిలో, ఈ రేవుల్లో మన వాటా కూడా ఉందని వాళ్లకు తెలియాలి.