కొడుకులు కట్టిన ఆసుపత్రులు, ఆడవాళ్లు మోసిన సేవ

కోయంబత్తూరు, మదురై ప్రాంతాల తెలుగువారి చరిత్ర రాసినవారు విజయనగర రాజ్యం నుంచి దక్షిణానికి సాగిన వలసలను, 1529 నుంచి మదురైని ఏలిన నాయకరాజులను, విశ్వనాథ నాయకుని కాలం నాటివని చెప్పే 72 పాళయాలను, ఇరవయ్యో శతాబ్దపు నూలు మిల్లులను విస్తారంగా వర్ణించారు. పాళయం అంటే ఒక పాలెగాని అధీనంలోని సైనిక విడిది, దాని చుట్టూ ఉన్న ఊళ్లు. తెలుగునాట పాలెం అనే ఊరిపేరూ ఇదే మాట. ఆ ఊళ్లలో, ఆ ఇళ్లలో తల్లికో తండ్రికో నయం కావడం కష్టమైన జబ్బు వచ్చినప్పుడు ఎవరు పక్కన కూర్చున్నారు, ఏమి వండిపెట్టారు, ఎంత దూరం తీసుకువెళ్లారు అన్న విషయానికి మాత్రం చరిత్రలో చోటు దక్కలేదు. క్యాన్సర్ చికిత్స ఈ ప్రాంతానికి చేరిన తీరును పరిశీలిస్తే ఈ లోపం ఎంత పెద్దదో తెలుస్తుంది, ఎందుకంటే ఆ చికిత్సలో సగం భారాన్ని ఇంటివాళ్లే మోశారు, ఇప్పటికీ మోస్తున్నారు.

పాత ఇళ్లలో రోగిసేవకు మూలం పథ్యం. మందుకు తగిన ఆహారనియమాన్ని, ఆ నియమాన్ని తప్పకుండా పాటించే క్రమశిక్షణను కలిపి పథ్యం అన్నారు. వైద్యుడు మందు ఇచ్చి వెళ్లిపోయేవాడు, పథ్యం నడిపించే బాధ్యత వంటింటిది. గంజి, రాగి జావ, మిరియాల చారు, మెత్తగా ఉడికించిన అన్నం దాని సామగ్రి. పులుపు, కారం, నూనె నిషేధాలు. వీటన్నిటికీ మించినది ఉపవాసం, దానికి లంఘనమని పేరు. లంఘనం పరమౌషధమనే నానుడి తెలుగిళ్లలో శాసనంలా చెల్లింది. జ్వరానికీ అజీర్ణానికీ పనికివచ్చిన ఈ పద్ధతి, దేహం కరిగిపోయే జబ్బుల దగ్గర నిలవలేదు. మానని పుండును, పెరిగే కంతిని తెలుగులో రాచపుండు అన్నారు, ఆయుర్వేద గ్రంథాలు అర్బుదమన్నాయి, తమిళంలో పుట్రునోయ్ అంటారు. ఆ తమిళ మాటలోని పుట్రు తెలుగు పుట్టకు చుట్టమే, భూమిలోంచి చీమలపుట్ట లేచినట్టు దేహంలోంచి లేచే కంతి అన్న ఊహ అందులో ఉంది. ఇంట్లో నైనా అని తండ్రిని పిలుచుకుంటూ వీధిలోకి వెళ్లగానే తమిళం మాట్లాడే కుటుంబాలకు ఈ జబ్బు పేరు రెండు భాషల్లోనూ తెలుసు. తెలిసినా రెండు భాషల్లోనూ పలకకుండా దాచినవాళ్లే ఎక్కువ.

ఇంటికి దూరంగా వెళ్లినవారికి ఆశ్రయమిచ్చే ఏర్పాటు కూడా ఈ ప్రాంతంలో పాతదే. భర్త చొక్కనాథ నాయకుడు, ఆ తరువాత కొడుకు రంగకృష్ణ ముత్తువీరప్ప నాయకుడు మరణించగా, పసివాడైన మనుమని తరఫున 1689 నుంచి మదురైని పాలించిన రాణి మంగమ్మ రహదారుల వెంట సత్రాలు కట్టించినందుకు ప్రజల జ్ఞాపకంలో నిలిచింది. ఆమె కొడుకును తీసుకుపోయింది మశూచి. మదురై రైల్వే స్టేషను దగ్గరి సత్రం నేటికీ మంగమ్మ పేరుతోనే ఉంది. సత్రం అంటే బాటసారికి ఉచితంగా నీడను, చాలాచోట్ల భోజనాన్ని కూడా ఇచ్చే ధర్మసంస్థ. ఇది యాత్రికుల కోసం పుట్టింది. ఇరవయ్యో శతాబ్దంలో మాత్రం సత్రం వెతుక్కుంటూ ఊరుకాని ఊరికి వెళ్లేవారిలో మరొక వర్గం చేరింది, వారు రోగిని వెంటబెట్టుకుని వచ్చిన బంధువులు.

దీనికి కారణం కిరణ చికిత్స పనిచేసే తీరులోనే ఉంది. క్యాన్సర్ కణాలను చంపడానికి కావలసిన కిరణాల మొత్తాన్ని ఒకేసారి ఇస్తే పక్కనున్న మంచి కండ కూడా కాలిపోతుంది. అందుచేత ఆ మొత్తాన్ని చిన్న చిన్న మోతాదులుగా పంచి, వారానికి ఐదు రోజుల చొప్పున, తరచుగా ఐదు నుంచి ఏడు వారాలపాటు ఇస్తారు. రోజుకు కొన్ని నిమిషాల పని కోసం రోగి నెలన్నర ఆ ఊళ్లోనే ఉండాలి. ఈ చికిత్స కోసం మద్రాసులో బార్నార్డ్ రేడియాలజీ సంస్థ 1934లో మొదలైంది. చెల్లెలు క్యాన్సర్‌తో మరణించిన 1923 నుంచి ఆ వ్యాధికి ప్రత్యేక ఆసుపత్రి కావాలని తపించిన డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి కృషితో అడయారు క్యాన్సర్ సంస్థకు 1952లో జవాహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేయగా, 1954లో అది 12 పడకలతో తెరుచుకుంది. ఆమె భర్త డాక్టర్ సుందర రెడ్డి తెలుగువారు. కుమారుడు డాక్టర్ కృష్ణమూర్తి, 1955లో చేరిన డాక్టర్ వి. శాంత ఆ సంస్థను నిలబెట్టారు. కిరణ చికిత్స చేసే కోబాల్ట్-60 యంత్రాలలో ఆసియాలోని తొలివాటిలో ఒకటి 1950ల చివర అక్కడికే వచ్చింది. కోయంబత్తూరు నుంచి గాని మదురై నుంచి గాని మద్రాసు సుమారు 500 కిలోమీటర్లు. మిల్లు కార్మికుడికైనా, మెట్టపొలం రైతుకైనా ఆ దూరం ఒక రాత్రి రైలు ప్రయాణమే, ఆ తరువాతి నెలన్నర మాత్రం ఒక కాపురం. గది అద్దె, స్టవ్వు, బియ్యం, పొలం దగ్గర మనిషి, పిల్లల బడి, ఇవన్నీ సర్దుకోగలిగిన ఇంటి పెద్దలకే కిరణ చికిత్స పూర్తయ్యేది. యంత్రం ఉన్నంత మాత్రాన చికిత్స అందదనీ, రోగితో ఉండగల మనిషి కూడా కావాలనీ ఈ ఒక్క విషయమే రుజువు చేస్తుంది. కిరణ చికిత్సను జనం కరెంటు పెట్టడం అన్నారు, ఇప్పటికీ అంటున్నారు. ఆ మాటలోని భయాన్ని పోగొట్టవలసిన పని కూడా పక్కనున్నవాళ్లమీదే పడింది.

కోయంబత్తూరు ఈ కొరతకు తనదైన జవాబు ఇచ్చింది. ఆ జవాబు వెనుక పత్తి ఉంది, మిల్లులు ఉన్నాయి, కుటుంబ ధర్మనిధులు ఉన్నాయి. రాబర్ట్ స్టేన్స్ 1888లో తొలి నూలు మిల్లు పెట్టిన తరువాత, ఊరి చుట్టుపక్కల పత్తి పండించి వ్యాపారం చేసిన నాయుడు కుటుంబాలు పరిశ్రమలోకి దిగాయి, జి. కుప్పుస్వామి నాయుడు 1910లో లక్ష్మీ మిల్స్ స్థాపించారు. 1930ల ఆరంభంలో పైకారా జలవిద్యుత్తు రావడంతో మిల్లులు వరుసగా లేచాయి. పీళమేడులో పి.ఎస్. గోవిందస్వామి నాయుడు గారి నలుగురు కొడుకులు 1926లో కుటుంబ ఆస్తిని ఐదు భాగాలు చేసి, ఐదవ భాగాన్ని ధర్మానికి కేటాయించారు. నలుగురు అన్నదమ్ములు పంచుకునే చోట ధర్మాన్ని ఐదవ వారసునిగా లెక్కించడం ఈ ప్రాంత చరిత్రలోకెల్లా గొప్ప నిర్ణయాలలో ఒకటి. ఆ ధర్మనిధి పి.ఎస్.జి. అండ్ సన్స్ పేరుతో పాఠశాలలను, కళాశాలలను, 1985లో వైద్య కళాశాలను నెలకొల్పింది. పాపనాయకన్‌పాళయంలో కుప్పుస్వామి నాయుడు గారి స్మారకంగా 1952లో ఆసుపత్రి వెలిసింది. వలవాడి నారాయణస్వామి పేరున్న క్యాన్సర్ కేంద్రం ఆ ఆవరణలోదే. ఎస్.ఎన్.ఆర్. సన్స్ ధర్మనిధి 1970లో ఏర్పడి, 1975లో శ్రీరామకృష్ణ ఆసుపత్రిని ప్రారంభించగా, దానికి అనుబంధంగా క్యాన్సర్ చికిత్సా పరిశోధనా సంస్థ పెరిగింది. మదురైలో ఈ బాధ్యతను ఎక్కువగా ప్రభుత్వ ఆసుపత్రి, 1954లో వచ్చిన వైద్య కళాశాల తలకెత్తుకున్నాయి.

ఈ సంస్థల పేర్లను కాస్త నిదానంగా చదవాలి. రెండింటిలో సన్స్ అన్న మాట ఉంది, మరొకటి తండ్రి స్మారకం. పితృఋణం తీర్చుకోవడమన్న పాత భావన, అంటే కన్నవారికి కొడుకు బాకీ ఉంటాడనీ, దాన్ని కర్మకాండతోనూ దానధర్మాలతోనూ తీర్చాలనీ చెప్పే భావన, ఇక్కడ పడకలుగా, యంత్రాలుగా, వార్డులుగా మారింది. తద్దినపు భోజనానికి పరిమితమై ఉండగల ఋణం వేలాదిమంది ఇతరుల తల్లిదండ్రులకు చికిత్సగా అందింది, దీన్ని మెచ్చుకోకుండా ఉండలేము. అయితే వార్డు లోపల పడక పక్కన ఉన్నది తరచుగా కోడలు, కూతురు, లేదా రోగి భార్య. వాంతి గిన్నె పట్టినది, దుప్పటి మార్చినది, రాత్రి మేలుకున్నది వారే. వారి పేరుతో ఏ ధర్మనిధీ లేదు, ఏ శిలాఫలకమూ లేదు. ఆసుపత్రి వాడుకలో వారికి ఉన్న పేరు అటెండర్ ఒక్కటే. నర్సుల సంఖ్య చాలని మన ఆసుపత్రులు ఆ అటెండర్‌ను ముందే లెక్కలో వేసుకుని నడిచాయి, జీతం మాత్రం లెక్కలో లేదు.

మందులతో చేసే క్యాన్సర్ చికిత్స, జనం వాడుకలో కీమో, వచ్చిన తరువాత ఈ సేవ స్వరూపమే మారిపోయింది. ఆ మందుల తొలి చరిత్రలో ఒక తెలుగువాడి చేయి ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, ఇద్దరు సోదరులను స్ప్రూ అనే పేగుల జబ్బుకు కోల్పోయి, తానూ ఆ జబ్బుపడి లేచి, అమెరికా వెళ్లి లెడర్లే ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లంపై పనిచేశారు. ఆ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్ అనే మందు ఆయన బృందం నుంచి డాక్టర్ సిడ్నీ ఫార్బర్‌కు చేరింది. రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలలో 10 మందికి తాత్కాలికంగా ఉపశమనం కలిగిందని 1948లో ఫార్బర్ ప్రకటించారు. సుబ్బారావు ఆ సంవత్సరమే మరణించారు. ఆ వంశపు మందే నేటి మెథోట్రెక్సేట్. మరొక మందు విన్‌క్రిస్టిన్, బిళ్ళగన్నేరు మొక్కనుంచి 1950ల చివర, 1960ల ఆరంభంలో జరిగిన పరిశోధనల ఫలితం. ఆ మొక్క తమిళనాడు దక్షిణ జిల్లాల మెట్టభూముల్లో మందుల ఎగుమతి కోసం పండుతోంది. తెలుగు రైతులు తరాలుగా పత్తి పండించిన కరిసల్ నేల, అంటే నల్లరేగడి, ఉన్నది కూడా ఆ వైపే.

కీమో మందులు వేగంగా విభజన చెందే కణాలను వెతికి దెబ్బతీస్తాయి. క్యాన్సర్ కణాలతో పాటు వెంట్రుకల కుదుళ్లు, నోటి లోపలి పొర, పేగుల పొర, రక్తాన్ని తయారుచేసే ఎముక మజ్జ కూడా అలాంటివే కాబట్టి జుట్టు రాలుతుంది, నోరు పూస్తుంది, విరేచనాలవుతాయి, రక్తకణాలు తగ్గుతాయి. విన్‌క్రిస్టిన్ నరాలను తాకి వేళ్లలో తిమ్మిరిని, మలబద్ధకాన్ని తెస్తుంది. జీవితమంతా మగ్గం మీదో యంత్రం మీదో వేళ్లతో బతికిన తండ్రి చొక్కా గుండీ పెట్టుకోలేకపోతే దాన్ని పెట్టే చేయి ఇంట్లోదే. వాంతులను గట్టిగా అదుపుచేసే ఆన్‌డాన్‌సెట్రాన్ వంటి మందులు 1990ల ఆరంభంలో వాడుకలోకి రాకముందు కీమో అంటే రోగికి మందుకంటే వాంతే గుర్తు. ఎందరో మధ్యలోనే మానుకోవడానికి అదొక కారణం. ఆ మందులు వచ్చాక చాలా రకాల కీమోను పగటిపూట ఎక్కించి సాయంత్రానికి ఇంటికి పంపడం సాధ్యమైంది. ఇది రోగికి మేలు. దాంతో పాటు వార్డు పని ఇంటికి వచ్చింది. మందు ఎక్కించిన తరువాత సాధారణంగా ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య తెల్లకణాలు అట్టడుగుకు పడిపోతాయి, అప్పుడు 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ జ్వరం వచ్చినా అది మామూలు జ్వరం కాదు, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లవలసిన ప్రమాదం. ఈ సంగతి డాక్టరు చెప్పేది ఒక్కసారి. అర్ధరాత్రి థర్మామీటరు చూసి నిర్ణయం తీసుకోవలసింది కూతురో కొడుకో.

పథ్యం కూడా ఇక్కడే తలకిందులైంది. జ్వరమొస్తే లంఘనం పెట్టించిన వంటిల్లు, కీమో రోగికి కొంచెం కొంచెంగా రోజుకు ఆరుసార్లు తినిపించవలసి వచ్చింది. బరువు తగ్గడమే చికిత్సకు శత్రువు కాబట్టి గుడ్డు, పప్పు, పాలు పెంచవలసి వచ్చింది. పూసిన నోటికి ఆవకాయ, మిరియాల చారు నిప్పుల్లా తగులుతాయి కాబట్టి అవి దూరమై, చల్లారిన రాగి జావ మాత్రం తన పాత స్థానం నిలుపుకుంది. పెద్దవాళ్లు నేర్పిన నియమాన్ని పెద్దవాళ్ల మంచం పక్కనే ఉండి మార్చవలసి రావడం ఆ ఇళ్లలో చిన్న విషయం కాదు. నిషేధాల పథ్యం నుంచి పోషణ పథ్యానికి జరిగిన ఈ మార్పును వైద్య చరిత్రలో ఒక ఘట్టంగా గుర్తించాలి, ఎందుకంటే ఏ యంత్రమూ లేకుండా, ఏ శిక్షణా లేకుండా, వంటింట్లో ఆడవాళ్లు దాన్ని సాధించారు.

నొప్పి విషయంలో మాత్రం ఇంటివాళ్ల శ్రమ చాలలేదు. క్యాన్సర్ నొప్పికి మెట్ల క్రమంలో మందులు ఇచ్చి, అవసరమైతే మార్ఫిన్ వరకు వెళ్లాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో సూచించింది. అంతకు ఒక సంవత్సరం ముందే, 1985లో, మాదకద్రవ్యాల నియంత్రణ కోసం దేశంలో వచ్చిన చట్టం మార్ఫిన్‌ను ఆసుపత్రులకే కష్టసాధ్యం చేసింది. 2014లో సవరణ వచ్చేవరకు దాదాపు మూడు దశాబ్దాలు ఎందరో తల్లులు, తండ్రులు తీర్చగలిగిన నొప్పితోనే చనిపోయారు. ఇది తప్పిదమని చెప్పడానికి సంకోచించనక్కరలేదు.

భాష ఈ సేవలో ఒక ప్రత్యేకమైన పొర. డాక్టరు ఇంగ్లీషులోనో తమిళంలోనో చెప్పింది విని, తల్లికి తెలుగులో ఎంత చెప్పాలో, ఏది దాచాలో నిర్ణయించేవారు పిల్లలే. జబ్బు పేరు రోగికి చెప్పకపోవడం ఒకప్పుడు దేశమంతటా ఉన్న ఆచారమే అయినా, రెండు భాషల ఇంట్లో దాచడం మరింత సులువైంది, అనుమానించడమూ అంతే సులువైంది. తెలుగు మాట్లాడగలిగి తెలుగు లిపి చదవలేని తరాలు తమిళనాట పెరిగాయి. తల్లి చివరి నెలల్లో ఏమి అడిగిందో, ఏ మాటతో నొప్పిని చెప్పిందో కాగితం మీద ఎవరూ రాసుకోకపోవడానికి అదొక కారణం.

దాతల జీవిత చరిత్రలు అచ్చయ్యాయి, ఆసుపత్రుల వార్షికోత్సవ సంచికలు గ్రంథాలయాలకు చేరాయి. తల్లిదండ్రులను రైల్లో మద్రాసుకు తీసుకువెళ్లిన తరం, తొలి కీమో రోజులను చూసిన తరం ఇప్పుడు వృద్ధాప్యంలో ఉంది. పాపనాయకన్‌పాళయంలో, పీళమేడులో, మదురై నాయకర్ వీధుల్లో, కరిసల్ ఊళ్లలో ఇంకా మాట్లాడగలిగినవారి మాటలను వారి తెలుగులోనే రికార్డు చేసి, ఏ లిపిలోనైనా సరే రాసి పెట్టవలసిన బాధ్యత ఆ ఇళ్ల మనుమలది, తమిళనాట తెలుగు బోధించే కళాశాలలది. ఆ పని ఈ సంవత్సరమే మొదలు కావాలి.