వార్డులో బోధన: నర్సులకు అందవలసిన తోడ్పాటు

ఆసుపత్రి వార్డులో స్టాఫ్ నర్సు విధులు మందులు ఇవ్వడంతోనే ముగియవు. నర్సింగ్ విద్యార్థులకు పని నేర్పే బాధ్యత, ఇంటికి వెళ్లే రోగికి జాగ్రత్తలు తెలియజేసే బాధ్యత కూడా ఆమెదే.

క్లినికల్ బోధన: భారత నర్సింగ్ మండలి నిబంధనల ప్రకారం 10 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకురాలు, ఒక్కో విద్యార్థికి ముగ్గురు రోగులు ఉండాలి. అధ్యాపకులు వార్డులో లేని వేళల్లో విద్యార్థులకు మార్గదర్శి స్టాఫ్ నర్సే. నర్సింగ్ విద్య, సేవల ప్రమాణాల నియంత్రణకు 1947 నాటి చట్టం స్థానంలో పార్లమెంటు 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టాన్ని ఆమోదించింది.

రోగికి అవగాహన: ఇన్సులిన్ వాడకం ఇందుకు ఉదాహరణ. మి.లీ.కు 40 యూనిట్ల సీసాకు ఎర్రమూత సిరంజి, 100 యూనిట్ల సీసాకు నారింజ రంగు మూత సిరంజి వాడాలి. 40 యూనిట్ల సీసా నుంచి 100 యూనిట్ల సిరంజితో 20వ గీత వరకు మందు తీస్తే రోగికి అందేది 8 యూనిట్లే. ఇది తారుమారైతే మోతాదు రెండున్నర రెట్లు పెరిగి ప్రాణాపాయం కలుగవచ్చు. కావున నోటిమాటగా చెప్పడం చాలదు. రోగి లేదా కుటుంబ సభ్యులు నర్సు సమక్షంలో స్వయంగా చేసి చూపాలి.

చేపట్టదగిన చర్యలు:
1. బోధనను నర్సుల విధుల జాబితాలో చేర్చి, షిఫ్టులో సమయం కేటాయించడం.
2. రోగికి నేర్పిన అంశాలను కేస్ షీటులో నమోదు చేయడం.
3. బొమ్మలతో కూడిన తెలుగు కరపత్రాలను వార్డులకు అందజేయడం.
4. బోధన పద్ధతులపై పునశ్చరణ శిక్షణ నిర్వహించడం.

సమయం కేటాయించనిదే రద్దీ వేళల్లో మొదట ఆగిపోయేది బోధనే. ఆ లోపం ఇంటికి చేరిన తరువాత గానీ రోగికి తెలియదు.