యానాం ఏ తేదీన కలిసింది?

పోయినేడాది ఒక క్విజ్ పోటీలో "యానాం భారతదేశంలో ఎప్పుడు కలిసింది?" అని అడిగారు. నేను 1962 ఆగస్టు 16 అని రాశాను. నా పక్కవాడు 1954 నవంబరు 1 అని రాశాడు. వాడికి మార్కు పడింది, నాకు పడలేదు. ఇంటికొచ్చి తాతయ్యతో చెబితే ఆయన ఇంకో తేదీ చెప్పారు. "1954 జూన్ 13 అని రాసినా తప్పు కాదురా" అన్నారు.

ఒక ఊరికి మూడు తేదీలేంటి? సగం జవాబు నాకు చరిత్ర పుస్తకాల్లో దొరికింది. మిగతా సగం కాకినాడలో కంప్యూటర్ సైన్సు చదువుతున్న మా అక్క చెప్పింది. ఆ రెండూ కలిపి రాస్తున్నాను.

1947లో మనకి స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఫ్రెంచివాళ్ళ చేతిలో ఐదు చోట్లు ఉన్నాయి. పుదుచ్చేరి, కారైక్కాల్ తమిళ దేశంలో, మాహే మలయాళ దేశంలో, చంద్రనగర్ బెంగాల్లో, యానాం గోదావరి ఒడ్డున. ఒకదానికొకటి ఆనుకుని లేవు. చంద్రనగర్ కథ ముందే వేరే దారిలో నడిచింది. అక్కడ 1949 జూన్ 19న ఓటు పెట్టారు, 1950 మే 2న పరిపాలన మన చేతికొచ్చింది, 1952 జూన్ 9న చట్టప్రకారం మనదైంది. మిగిలిన నాలుగూ ఉండిపోయాయి.

ఆ నాలుగింటిలో ముందు విడిపోయింది మన ఊరే. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య గారి నాయకత్వంలో ఉద్యమకారులు యానాంలో ఫ్రెంచి జెండా దించి మన జెండా ఎగరేశారు. (ఫ్రెంచి జెండాకీ మూడు రంగులే. చిన్నప్పుడు నాకు ఈ కథలో ఏ జెండా దిగిందో, ఏది ఎక్కిందో అర్థమయ్యేది కాదు.) రమణయ్య గారు యానాంలోనే పుట్టినవారు, పుదుచ్చేరిలో ఫ్రెంచి పోలీసు శాఖలో పనిచేసినవారు. తర్వాత నెల, జూలై 16న మాహే విడిపోయింది. పుదుచ్చేరి, కారైక్కాల్ మాత్రం ఇంకా ఫ్రెంచివాళ్ళ చేతిలోనే ఉన్నాయి.

ఇక్కడ అక్క చెప్పింది అవసరం పడుతుంది. కంప్యూటర్లో ఒకేసారి నాలుగు పనులు మొదలుపెట్టామనుకోండి. ఏది ముందు అయిపోతుందో మనకి తెలీదు. ఆఖరిది కూడా అయ్యాకే ఐదో పని మొదలవ్వాలి. మరి నాలుగూ అయ్యాయని ఎలా తెలుస్తుంది? మామూలు పద్ధతి ఏంటంటే, అందరికీ కనిపించే ఒక బోర్డు పెట్టి, పని అయినవాళ్ళు వచ్చి అంకె పెంచి వెళ్ళడం. కానీ ఇద్దరు ఒకే క్షణంలో వస్తే ఇద్దరూ "2" చెరిపి "3" రాసి పోతారు. నిజానికి అక్కడ "4" ఉండాలి. లెక్క పోయినట్టే.

ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ అనే పద్ధతిలో ఒకసారి ఇచ్చిన విలువని చెరిపి మళ్ళీ రాయడం వీలైనంతవరకు ఉండదు. అంటే ఆ బోర్డే ఉండదు. అందుకని వాళ్ళు వేరే ఉపాయం కనిపెట్టారు. పని మొదలుపెట్టగానే ఫలితం బదులు ఒక మాట ఇస్తారు, "ఇది తర్వాత నీకు అందుతుంది" అని. 1976లో డేనియల్ ఫ్రీడ్‌మన్, డేవిడ్ వైజ్ దీనికి ప్రామిస్ అని పేరు పెట్టారు. 1977లో హెన్రీ బేకర్, కార్ల్ హ్యూయిట్ ఫ్యూచర్ అన్నారు. మన దేశంలో, ఐఐటీ కాన్పూర్లో చదివి అమెరికాలో ఎంఐటీకి వెళ్ళిన అరవింద్ గారు, నిఖిల్ గారు ఇడ్ అనే భాషలో ఇంకో రకం గడి పెట్టారు. దానిలో ఒక్కసారే రాయాలి. రాయకముందే చదవడానికి వచ్చినవాళ్ళు అక్కడే ఆగుతారు. 1996లో హాస్కెల్ భాషలోకి వచ్చిన పెట్టెలకి కూడా ఆలోచన ఈ ఇడ్ భాష నుంచే అందింది.

ఇలాంటి మాటలు నాలుగుంటే వాటిని కలిపి ఒకే పెద్ద మాట చెయ్యొచ్చు. నాలుగూ నెరవేరితేనే అది నెరవేరుతుంది. పరీక్ష హాల్లో చివరి పేపరు అందేదాకా సార్ కట్టకి దారం కట్టరు కదా, అలాగ. ఇంకో రకం కూడా ఉంది, రేస్ అంటారు. దాంట్లో ఎవరు ముందొస్తే వాళ్ళతోనే ఆట అయిపోతుంది.

మన విలీనం రేస్ అయ్యుంటే జూన్ 13నే కథ ముగిసేది. అలా కాలేదు. 1954 అక్టోబరు 18న పుదుచ్చేరి దగ్గర కీళూరులో ప్రజాప్రతినిధులు 178 మంది ఓటేశారు. 170 మంది భారత్ వైపు, 8 మంది వ్యతిరేకం. అక్టోబరు 21న ఢిల్లీలో ఒప్పందం కుదిరి, నవంబరు 1న నాలుగు ప్రాంతాల పరిపాలన కలిపి మన ప్రభుత్వానికి అప్పగించారు. జూన్ 13 మన ఒక్క పని అయిన తేదీ. నవంబరు 1 నాలుగూ అయిన తేదీ.

అయినా పరిపాలన ఇచ్చారు గానీ హక్కు ఇవ్వలేదు. 1956 మే 28న విలీన ఒడంబడిక మీద సంతకాలయ్యాయి. దానికి ఫ్రాన్సు పార్లమెంటు ఆమోదం కావాలి. అప్పుడు వాళ్ళు అల్జీరియా యుద్ధంలో ఉన్నారు. ఒక చోట భూమి వదిలితే ఇంకో చోట కూడా అడుగుతారని భయం. ఆ యుద్ధం అయ్యాక, 1962 జూలైలో ఆమోదించారు. ఆగస్టు 16న పత్రాలు మార్చుకున్నారు. అంటే సంతకం నుంచి ఆరేళ్ళ పైన మన ఊరు నెరవేరని మాట మీదే నడిచింది.

మా తాతయ్య పుట్టింది 1958లో. ఇంటి ముందు ఎగిరేది మన జెండా, కాగితం మీద నేల ఫ్రాన్సుది. ఆయన పుట్టింది ఏ దేశంలో? నేను ఎన్నిసార్లు అడిగినా తాతయ్య "యానాంలో" అంటారు.

ఒడంబడికలో ఇంకొకటుంది. 1962 ఆగస్టు 16 నుంచి ఆరు నెలల్లోపు రాసిచ్చినవాళ్ళు ఫ్రెంచి పౌరులుగా ఉండిపోవచ్చు. రాయకపోతే భారతీయులే. పుదుచ్చేరిలో ఇప్పటికీ ఫ్రెంచి ఎన్నికల్లో ఓటేసేవాళ్ళు అలా వచ్చినవాళ్ళే ఎక్కువ. అక్క దీన్ని టైమౌట్ అంటుంది. గడువులోపు జవాబు రాకపోతే ముందే అనుకున్న జవాబు తీసుకుంటారు. మా ముత్తాత ఆ కాగితం రాయలేదు. ఆలోచించి మానేశారో, కోతల పనిలో పడి మర్చిపోయారో ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు. ఆయన ఊరుకోవడమే మా ఇంటిల్లిపాదికీ జవాబయింది. రాసి ఉంటే నేను ఈ వ్యాసం తెలుగులో రాసేవాణ్ణో లేదో.

ఇదంతా చెప్పి, మళ్ళీ క్విజ్‌లో అడిగితే ఏ తేదీ రాయమంటారు అని తాతయ్యని అడిగాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, "మూడిటికీ జెండా ఎగరేశాను. నీకు ఏది రాస్తే మార్కిస్తారో అది రాయి" అన్నారు.