పౌరుడు కానివాడి పరపతి

అమెరికాలో కొత్తగా దిగిన మన పిల్లలకు క్రెడిట్ కార్డు ఎందుకు రాదని అడిగితే రెండు జవాబులు వినిపిస్తాయి. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత నిబంధనలు బిగించారు, సోషల్ సెక్యూరిటీ నంబరు లేనిదే బ్యాంకు పలకదు అన్నది ఒకటి. అక్కడ అప్పు తీర్చిన చరిత్ర లేదు కాబట్టి రాదు, ఏడాది ఓపిక పడితే అదే వస్తుంది అన్నది రెండోది. రెండిట్లోనూ కొంత నిజముంది. కానీ పరదేశికి అప్పు పుట్టకపోవడాన్ని ఇవి నిన్నమొన్నటి కాగితాల చిక్కుగా మార్చేస్తాయి. నేను చదివినంతలో ఇది సాఫ్ట్‌వేర్ వలస కంటే పాతది. 1970లలో చట్టం చేసినవాళ్ళు వదిలిపెట్టిన ఖాళీలోనే దీని వేరు ఉంది.

అమెరికాలో పరపతి వ్యాపారపు తొలి ఘట్టాలు చాలామందికి తెలిసినవే. ఎవరు బాకీలు సరిగా తీరుస్తారో రాసిపెట్టి దుకాణదారులకు అమ్మే వ్యాపారాన్ని 1899లో అట్లాంటాలో ఇద్దరు అన్నదమ్ములు మొదలుపెట్టారు. నేటి పరపతి సమాచార సంస్థ ఈక్విఫాక్స్‌కు మూలం అదే. 1950లో డైనర్స్ క్లబ్ కార్డు వచ్చింది. 1958లో బ్యాంక్ ఆఫ్ అమెరికా కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో, అడగనివాళ్ళకు కూడా 60,000 కార్డులు పోస్టులో పంపింది. తమ గురించి ఏం రాసిపెట్టారో తెలుసుకునే హక్కు 1970 చట్టంతో జనానికి వచ్చింది.

నిలిచి చూడవలసింది ఆ తర్వాతి కాలాన్ని. భర్త సంతకం లేనిదే ఆడవాళ్ళకు అప్పివ్వని బ్యాంకులను దారికి తేవడానికి 1974లో సమాన పరపతి అవకాశాల చట్టం చేశారు. 1976లో దాని పరిధిలోకి జాతి, రంగు, మతం, మూల దేశం, వయసు వంటివి చేర్చారు. పౌరసత్వాన్ని చేర్చలేదు. మరిచిపోయారనుకోవడం నాకు కష్టంగా ఉంది. ఎందుకంటే 1973లోనే టెక్సస్‌కు చెందిన ఒక మెక్సికన్ మహిళ ఉద్యోగం కేసులో సుప్రీంకోర్టు, ఫలానా దేశపు మూలాలున్నాయని కాదనడం వేరు, పౌరసత్వం లేదని కాదనడం వేరు అని తేల్చింది. చట్టం కింద ఫెడరల్ రిజర్వు రాసిన నిబంధనలైతే దరఖాస్తుదారు ఇమిగ్రేషన్ స్థితిని బ్యాంకు లెక్కలోకి తీసుకోవచ్చని సూటిగానే చెప్పాయి.

ఆ ఖాళీలో పడ్డవాడు ఒక భారతీయుడే. మనవాళ్ళ చర్చల్లో ఈ కేసు ఊసే రాకపోవడం నాకు ఎప్పుడూ వింతగా ఉంటుంది. లూసియానాలో ఉంటున్న భారత పౌరుడొకరు క్రెడిట్ కార్డుకు దరఖాస్తు పెట్టుకుంటే, అమెరికా పౌరుడు కాదన్న కారణం చూపి బ్యాంకు ఇవ్వనంది. ఆయన కోర్టుకెక్కారు. ఆయన పట్టుకున్న ఆధారం 1866 నాటి పౌర హక్కుల చట్టం నుంచి వచ్చిన సెక్షన్: ఒప్పందాలు చేసుకునే హక్కు తెల్లజాతి పౌరులకు ఉన్నట్టే దేశంలో ఉన్న మనుషులందరికీ ఉంటుందని దాని సారం. అందులోకి పరదేశులను తెచ్చింది 1870 చట్టం, కాలిఫోర్నియాలో వేధింపులు పడుతున్న చైనీయులను దృష్టిలో పెట్టుకుని. 1987లో న్యూ ఓర్లీన్స్‌లోని ఐదో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు పూర్తి ధర్మాసనంగా కూర్చుని ఈ రెండు చట్టాలనూ విడదీసింది. జాతి విషయంలో ఈ సెక్షన్ ప్రైవేటు వ్యక్తులనూ కట్టేస్తుంది, పరదేశుల విషయంలో ప్రభుత్వాన్ని మాత్రమే కట్టేస్తుంది అంది. బ్యాంకు ప్రభుత్వం కాదు. సుప్రీంకోర్టు ఒకసారి వెనక్కి పంపినా 1989లో ఆ కోర్టు మళ్ళీ అదే మాట చెప్పింది.

బ్యాంకు వైపు న్యాయం లేదని నేననను. వీసా తీరి సముద్రం దాటిపోయినవాడి దగ్గర బాకీ వసూలు చేయడం తేలిక కాదు. అయితే ఆ భయం మనిషి మనిషికీ తూచి చూడవలసినది. పౌరుడు కాడు అన్న ఒక్క మాటతో తూకమే అక్కర్లేకుండా పోయింది. 1991లో అమెరికా కాంగ్రెస్ ఆ సెక్షన్ ప్రైవేటు వివక్షకూ వర్తిస్తుందని రాసింది. అది పౌరసత్వానికీ పనికొస్తుందని న్యూయార్క్‌లోని రెండో సర్క్యూట్ 1998లో అంది. డాలస్, హ్యూస్టన్‌లలో ఇన్ని వేల తెలుగు కుటుంబాలు ఉంటున్నది మాత్రం ఆ ఐదో సర్క్యూట్ పరిధిలోనే.

ఇక 2001 మాట. దాడుల తర్వాత వచ్చిన పేట్రియట్ చట్టం కింద ఖాతాదారు గుర్తింపు నిబంధనలు 2003 అక్టోబరు నుంచి అమలయ్యాయి. పౌరులు కానివాళ్ళ దగ్గర పన్ను గుర్తింపు నంబరు గానీ, జారీ చేసిన దేశం పేరుతో పాటు పాస్‌పోర్టు నంబరు గానీ తీసుకోవచ్చని వాటిలోనే ఉంది. చట్టం పాస్‌పోర్టు చాలంది, సోషల్ నంబరే కావాలన్నది బ్యాంకు. అదే ఏడాది, పని చేసే అనుమతి లేనివాళ్ళకు డ్రైవింగ్ లైసెన్సు కోసమని సోషల్ నంబరు ఇవ్వడం ప్రభుత్వం ఆపేసింది. ఈ రెండిటి మధ్య నలిగింది భర్త వీసాకు అనుబంధంగా ఇచ్చే హెచ్-4 వీసా మీద వెళ్ళిన మన ఆడపిల్లలు.

మా మేనకోడలు అలా వెళ్ళిందే. ఎమ్మెస్సీ చదివింది, ఇక్కడ నాలుగేళ్ళు ఉద్యోగం చేసింది. బ్యాంకులో ఫారం మీద తొమ్మిది గళ్ళ దగ్గర ఆగిపోయింది. పాస్‌పోర్టు ముందుకు జరిపితే ఆ ఉద్యోగి తెరిచి కూడా చూడలేదట. చివరికి అల్లుడి ఖాతా మీదే ఆమె పేరున ఇంకో కార్డు వచ్చింది. కూరగాయలు కొన్నా కబురు అతని ఫోనుకు వెళ్ళేది. 21 దాటినవాళ్ళు భర్త ఆదాయాన్నీ చూపి సొంత కార్డు అడగవచ్చని 2013లో నిబంధన మార్చారు. ఆ సంగతి ఆమెకు చెప్పినవాళ్ళు లేరు. 2015 నుంచి హెచ్-4లో కొందరికి పని అనుమతి వచ్చింది. అందరికీ కాదు.

చరిత్ర లేదన్న రెండో జవాబుకు బలం లేకపోలేదు. పరపతిని అంకెలో చెప్పే, 1989లో వచ్చిన ఫైకో స్కోరు వీసాను చూడదు. కనీసం ఆరు నెలల వయసున్న ఖాతా ఒకటి ఉంటే లెక్క కడుతుంది. అయితే ఆ మొదటి ఖాతా పుట్టడమే కదా కష్టం. డబ్బు డిపాజిట్ చేసి తీసుకునే సెక్యూర్డ్ కార్డును నేను పరిష్కారం అనలేను. అందులో మనిషి మీద నమ్మకమేమీ లేదు. 2019లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్, నోవా క్రెడిట్ అనే సంస్థ ద్వారా భారత్‌తో సహా ఐదు దేశాల పరపతి చరిత్రను ఒప్పుకోవడం మొదలుపెట్టింది. హైదరాబాదులో ఐదేళ్ళు కార్డు వాడిన ఇంజనీరుకు అది నిజంగా మేలు. చదువు కాగానే విమానమెక్కిన, ఇక్కడ పరపతి చరిత్ర నమోదు చేసే సిబిల్‌లో పేరే లేని అమ్మాయికి ఏమీ మారలేదు.

ఇమిగ్రేషన్ స్థితిని చూడవచ్చు గానీ దాని చాటున గంపగుత్తగా కాదనకూడదని వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ, న్యాయశాఖ 2023 అక్టోబరులో కలిసి ప్రకటించాయి. నాకు సంతోషం కలిగింది, భరోసా కలగలేదు. ప్రకటన చట్టం కాదు, ప్రభుత్వంతో పాటే దాని బరువూ మారుతుంది. 1976లో రాసిన జాబితాలో పౌరసత్వం అన్న మాట నేటికీ లేదు.