తుఫాను వెలిసిన మర్నాడు, అఫర్వత్ మీద

గండోలా కేబుల్ కారు తలుపు తెరుచుకోగానే చలికి ముక్కుపుటాలు బిగుసుకుపోతాయి. గుల్మార్గ్ ఎక్కడో కింద, దేవదారుల మధ్య. మీరు నిలబడ్డది దాదాపు 3,950 మీటర్ల ఎత్తున. రెండు రోజులు ఏకధాటిగా కురిసిన మంచు రాత్రే తెరిపిచ్చింది. మబ్బు తునక లేదు, ఎండ కళ్లు మిరుమిట్లు గొలుపుతోంది. భయపడాల్సింది ఇలాంటి పొద్దుటికే. తుఫానులో ఎవరూ గడప దాటరు. ఎండ కాయగానే ఎవరి కాళ్లూ ఆగవు.

తాడు కట్టిన హద్దు దగ్గర గైడ్ ఆపుతాడు. లోపలి వాలుల మీద స్కీ ప్యాట్రోల్ వాళ్ల కన్ను ఉంటుంది. తాడు దాటితే మీ బతుకు మీది. ఒక్కొక్కరూ అతని ముందు నుంచి నడవాలి. మీ ఛాతీ మీది బీకన్‌కు అతని చేతిలోది కూత పెడితేనే ముందుకు. 457 కిలోహెర్ట్జ్ మీద పంపే ఆ సంకేతమే మంచు అడుగున మీ ఆచూకీ. ఫోను దానికి దూరంగా ఉండాలి. సంచిలో పార, మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ. కూరుకుపోయిన మనిషిని పది నిమిషాల్లో తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారు. అరగంట దాటితే ముగ్గురు మిగిలితే గొప్ప. హెలికాప్టర్ సంగతి తర్వాత, తవ్వాల్సింది పక్కనున్నవాళ్లే.

వాలు అంచున, పట్టు తప్పినా జారిపోని చోట, గైడ్ గొయ్యి తవ్వుతాడు. గోడను పైనుంచి తడుముతూ వస్తాడు. పైన కొత్త మంచు, మెత్తగా. దాని కింద గాలి కొట్టి గట్టిపడ్డ పలక. అట్టడుగు నుంచి పిడికెడు తీసి మీ అరచేతిలో పోస్తాడు. గుప్పిట బిగిస్తే ముద్ద కట్టదు. బొంబాయి రవ్వలా వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. సీజను మొదట్లో పడ్డ పల్చటి మంచు ఇది. డిసెంబరు 21న మొదలయ్యే చిల్లై కలాన్ నలభై రోజుల చలిలో, కింద నేల వెచ్చదనం, పైన గడ్డకట్టే గాలి, రెంటి మధ్యా నలిగి ఒకదానికొకటి అంటని గింజలైపోయింది. ఇప్పుడు తుఫాను బరువంతా వీటి నెత్తిన కూర్చుంది.

ముప్పై సెంటీమీటర్ల చదరంగా మంచు స్తంభం కోసి, పైన పార ఆనించి కొడతాడు. మణికట్టుతో పది దెబ్బలు, ఏమీ కాలేదు. మోచేతి నుంచి మూడో దెబ్బకే పలక ఊడి మీ మోకాళ్ల మీద పడింది. తెగిన చోటు తిన్నగా, నున్నగా ఉంది. గైడ్ మాట్లాడడు, పార దులుపుకుంటాడు.

ఎదురుగా వాలు మాత్రం ఊరిస్తోంది. కొలిస్తే 38 డిగ్రీలు. చరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 లోపే, స్కీయింగ్‌కు మజా ఉండేదీ అక్కడే. గాలి ఆవలివైపు మంచును ఎత్తి ఇటు పోసింది, శిఖరం అంచు బయటికి వేలాడుతోంది. అయినా దాని మీద అప్పటికే రెండు జాడలు.

"వాళ్లు దిగారుగా?"

"పలక పల్చగా ఉన్నచోట వాళ్లు తొక్కలేదు, సాబ్. మీరు తొక్కొచ్చు."

ఈ కొండ మీదే 2023 ఫిబ్రవరి 1న ఇద్దరు పోలండ్ స్కీయర్లు పోయారు. 2010 ఫిబ్రవరి 8న, దిగువన ఖిలన్‌మర్గ్ దగ్గర, పర్వత యుద్ధ శిక్షణలో ఉన్న 17 మంది సైనికులు. మంచు తెలియనివాళ్లకే ఇలా జరుగుతుందనుకుంటే ఆ సైనికులను ఏమనాలి?

గట్టు పట్టుకుని ఎడమకు నడుస్తారు. ఓ చోట అడుగు వేయగానే కాళ్ల కింద ధుమ్మని మంచు కుంగుతుంది, ఆ కుంగు చుట్టూ పాకుతుంది. ఇక్కడ చదును కాబట్టి సరిపోయింది. ఇక పరీక్షలు అక్కర్లేదు, కొండే జవాబు చెప్పేసింది. గైడ్ 25 డిగ్రీలు దాటని పాయ చూపిస్తాడు. పైన వేలాడేదీ లేదు, కింద ఇరుకు లోయా లేదు. మంచు మోకాళ్ల లోతే, మజా సగమే.

"ఒక్కొక్కరుగా. నేను ఆ బండ పక్కన ఆగి కర్ర ఎత్తాకే రండి. మధ్యలో ఫొటోలకు ఆగొద్దు."

అతను దిగి, బండ చాటుకు తప్పుకుని, కర్ర ఎత్తుతాడు. మీరు కర్రల పట్టీలు మణికట్టు నుంచి తీసేసి బయల్దేరతారు.