గుండె కోసం వెళ్తే కిడ్నీ పరీక్ష ఎందుకు రాస్తారు? సర్కారు ఆసుపత్రిలో ఏం అడగాలి?

ఆయాసంగా ఉందనో, సాయంత్రానికి కాళ్లు వాస్తున్నాయనో గుండె డాక్టర్ దగ్గరకు వెళ్తారు. ఈసీజీ, ఎకోతో పాటు క్రియాటినిన్, మూత్రం పరీక్ష కూడా రాస్తారు. ‘గుండెకూ మూత్రానికీ ఏం సంబంధం? పరీక్షల పేరుతో డబ్బులు గుంజుతున్నారా?’ అన్న అనుమానం చాలామందికి వస్తుంది. కొన్ని పరీక్షల విషయంలో ఆ అనుమానం నిజం కావచ్చు కూడా. ఈ రెండింటి విషయంలో మాత్రం కాదు.

కిడ్నీ జబ్బు అనగానే మనకు డయాలసిస్ గుర్తొస్తుంది. కానీ దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉన్నవారిలో ఎక్కువ మంది డయాలసిస్ దాకా వెళ్లరు. అంతకంటే ముందే గుండెపోటు, పక్షవాతం, గుండె వైఫల్యం వంటి వాటితో చనిపోతారు. మరణానికి కారణం ‘గుండెపోటు’ అని రాస్తారు. ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా దెబ్బతింటూ వచ్చిన కిడ్నీల ఊసు ఎక్కడా ఉండదు.

రెండింటికీ ముడి ఎక్కడ?

రెండు కిడ్నీలూ కలిపి మన శరీర బరువులో అర శాతం కూడా ఉండవు. అయినా గుండె పంపే రక్తంలో ఐదో వంతుకు పైగా వాటికే వెళ్తుంది. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల సూక్ష్మమైన వడపోత గొట్టాలు ఉంటాయి. రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడకట్టి, అందులో కావాల్సిందంతా తిరిగి రక్తంలోకి పంపి, ఒకటిన్నర రెండు లీటర్లను మాత్రమే మూత్రంగా బయటకు వదులుతాయి. ఇంత పని జరగాలంటే రక్తం సరైన ఒత్తిడితో రావాలి, సన్నని రక్తనాళాలు బాగుండాలి.

గుండె పంపు బలహీనపడితే కిడ్నీలకు వచ్చే రక్తం తగ్గుతుంది. వెనక్కి వెళ్లాల్సిన రక్తం సిరల్లో నిలిచిపోయి కిడ్నీలపై ఒత్తిడి పెంచుతుంది. రక్తం తక్కువగా రావడాన్ని కిడ్నీలు ‘ఒంట్లో నీరు తగ్గిపోయింది’ అని పొరబడతాయి. రెనిన్ అనే పదార్థాన్ని వదిలి ఉప్పును, నీటిని పట్టి ఉంచుతాయి. ఆ అదనపు నీటిని మోయాల్సింది మళ్లీ ఆ అలసిన గుండే. కాళ్ల వాపు, పడుకుంటే ఆయాసం, రెండు రోజుల్లో రెండు కిలోల బరువు పెరగడం వంటివి ఇలాగే మొదలవుతాయి.

ఇక కిడ్నీల వైపు నుంచి చూద్దాం. కిడ్నీలు దెబ్బతింటే బీపీ పెరుగుతుంది. ఎక్కువ బీపీకి ఎదురుగా రక్తాన్ని నెట్టీ నెట్టీ గుండె ఎడమ గది గోడ మందమవుతుంది. ఎముక మజ్జకు రక్తం తయారుచేయమని చెప్పే ఎరిత్రోపోయిటిన్ హార్మోన్ కిడ్నీల నుంచే రావాలి. అది తగ్గితే రక్తహీనత వస్తుంది, ఉన్న కొద్దిపాటి రక్తంతో అందరి అవసరాలూ తీర్చడానికి గుండె మరింత శ్రమపడుతుంది. ఫాస్ఫరస్ బయటకు పోక రక్తనాళాల గోడల్లో కాల్షియం పేరుకుని అవి గట్టిపడతాయి. అన్నింటికంటే భయపెట్టేది పొటాషియం. అది మితిమీరితే గుండె లయ తప్పి, ఏ నొప్పీ లేకుండానే ఆగిపోవచ్చు.

ఈ రెండు అవయవాలు ఒకదాన్నొకటి దెబ్బతీసుకోవడాన్ని వైద్యులు ‘కార్డియోరీనల్ సిండ్రోమ్’ అంటారు. 2023 అక్టోబరులో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ గుండె, కిడ్నీ, షుగర్, ఊబకాయం నాలుగింటినీ ఒకే జబ్బు సమూహంగా చూడాలని ప్రతిపాదించింది. రోగికి మాత్రం ఇది కొత్తేమీ కాదు. షుగర్‌కు ఒక డాక్టర్, గుండెకు ఒకరు, కిడ్నీకి మరొకరు అంటూ మూడు ఫైళ్లు పట్టుకుని తిరిగేది ఆ ఒక్క మనిషే కదా.

క్రియాటినిన్ 1.4 అంటే ఎక్కువా? తక్కువా?

ఈ ప్రశ్నకు ‘ఎవరికి?’ అని తిరిగి అడగాలి. 25 ఏళ్ల యువకుడికి 1.4 ఉంటే వడపోత వేగం, అంటే ఈజీఎఫ్ఆర్, సుమారు 71 వస్తుంది. అదే 1.4 ఒక 60 ఏళ్ల మహిళకు ఉంటే అది 43 దగ్గర ఉంటుంది. అంటే ఆమె కిడ్నీల పని సగానికి పైగా తగ్గిపోయినట్టే. రిపోర్టులో పక్కన ‘కొంచెం ఎక్కువ’ అన్నట్టుగా కనిపించే అంకె వెనుక ఇంత తేడా ఉంటుంది. అందుకే క్రియాటినిన్ ఒక్కటే చూసి ఊరుకోకుండా ‘నా ఈజీఎఫ్ఆర్ ఎంత?’ అని అడగండి. వయసు, ఆడా మగా, క్రియాటినిన్ తెలిస్తే డాక్టర్ నిమిషంలో లెక్కకట్టగలరు.

ఈజీఎఫ్ఆర్ 60 కంటే తక్కువగా మూడు నెలలకు పైగా కొనసాగితే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉన్నట్టు. ఒక్కసారి తక్కువ వస్తే కంగారు పడక్కర్లేదు. వాంతులు, విరేచనాలు, జ్వరం ఉన్నప్పుడు ఎవరికైనా తగ్గొచ్చు. మళ్లీ చేయించి చూడాలి.

రెండోది మూత్రంలో ఆల్బుమిన్. మనవాళ్లు దాటవేసేది, డాక్టర్లు కూడా తరచూ మరిచిపోయేది ఈ పరీక్షనే. వడపోత జల్లెడ పాడవగానే రక్తంలోని ప్రొటీన్ మూత్రంలోకి కారడం మొదలవుతుంది. క్రియాటినిన్ పెరగడానికి ఏళ్ల ముందే ఇది బయటపడుతుంది. ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి గ్రాముకు 30 మిల్లీగ్రాములు దాటితే కిడ్నీలకే కాదు, గుండెకూ ప్రమాదం పెరిగినట్టు లెక్క. కిడ్నీలోని సన్నని రక్తనాళాలు కారుతున్నాయంటే ఒంట్లో మిగతా చోట్ల రక్తనాళాలూ బాగోలేవని అర్థం. మూత్రంలో నురగ ఆగకుండా వస్తుంటే ఈ పరీక్షను అస్సలు వాయిదా వేయొద్దు.

ఎక్కడ చేయించుకోవాలి?

30 ఏళ్లు దాటిన వారికి బీపీ, షుగర్ చూసే కార్యక్రమం దేశమంతా నడుస్తోంది. ఆశా కార్యకర్త, ఏఎన్ఎం ఇంటికి వచ్చినప్పుడు ‘మాకేం లేదమ్మా’ అని పంపేయకండి. బీపీ గానీ షుగర్ గానీ ఉన్నట్టు తేలితే అక్కడితో ఆగకుండా, ఏడాదికి ఒకసారి క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ కూడా చేయమని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగాలి. అడగాలి అని ఎందుకంటున్నామంటే, నెలనెలా బీపీ మాత్రలు తీసుకుని వెళ్లేవారిలో ఎంతోమందికి ఈ పరీక్షల సంగతి ఎవరూ చెప్పరు. తెలంగాణలో పీహెచ్‌సీలు, బస్తీ దవాఖానాల్లో రక్తం తీసుకుని ‘తెలంగాణ డయాగ్నస్టిక్స్’ కేంద్రాలకు పంపి ఉచితంగా పరీక్షిస్తారు. అక్కడ వీలు కాని పరీక్ష ఉంటే ఏరియా ఆసుపత్రికి గానీ జిల్లా ఆసుపత్రికి గానీ రాయించుకోండి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పరిస్థితి వేరు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస వంటి మండలాల్లో చాలామందికి షుగర్ గానీ పాత బీపీ గానీ లేకుండానే కిడ్నీలు దెబ్బతిన్నాయి. కారణం కచ్చితంగా ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. కాబట్టి ఆ ప్రాంతం వారు ‘నాకు షుగర్ లేదు కదా’ అని పరీక్ష మానేయకూడదు. పలాసలో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి.

మందుల దగ్గర జరిగే పొరపాట్లు

టెల్మిసార్టన్, ఎనాలాప్రిల్ రకం బీపీ మాత్రలు గుండెను, కిడ్నీని రెండింటినీ కాపాడతాయి. మొదలుపెట్టిన కొత్తలో క్రియాటినిన్ కొంచెం పెరగడం మామూలే. 30 శాతం లోపు పెరుగుదలను డాక్టర్లు సాధారణంగా ఒప్పుకుంటారు. ‘ఈ మాత్ర వల్లే కిడ్నీ పాడైంది’ అని సొంతంగా ఆపేసేవారు ఎక్కువ. ఆపితే నష్టం మీకే. అయితే మాత్ర మొదలుపెట్టిన రెండు మూడు వారాలకు క్రియాటినిన్, పొటాషియం చూపించుకోవాలి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆ రోజుల్లో మాత్ర వేసుకోవాలా వద్దా అని డాక్టర్‌ను అడగాలి. గర్భిణులు ఈ మాత్రలు వాడకూడదు.

డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ షుగర్ మందులుగా వచ్చి, ఇప్పుడు గుండె వైఫల్యానికీ కిడ్నీ జబ్బుకూ ముఖ్యమైన మందులయ్యాయి, షుగర్ లేనివారికి కూడా. ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ 2025 మార్చిలో ముగిశాక మన దేశంలో చాలా కంపెనీలు తయారు చేయడంతో ధర బాగా పడిపోయింది. ఖరీదని ఒకప్పుడు వద్దనుకున్నవారు డాక్టర్‌ను మళ్లీ అడిగి చూడొచ్చు.

అసలు కీడు చేసేవి చీటీ లేకుండా దొరికే నొప్పి బిళ్లలు. మా పెదనాన్న మోకాళ్ల నొప్పులకు మూడేళ్ల పాటు రోజూ డైక్లోఫెనాక్ వేసుకున్నారు. బీపీ ఎందుకు తగ్గడం లేదో ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. మందుల షాపతను గానీ, ఊళ్లో ఆర్‌ఎంపీ గానీ ఒక్క మాట చెప్పలేదు. ఈ రకం బిళ్లలు కిడ్నీకి రక్తం తగ్గిస్తాయి, ఒంట్లో ఉప్పు నిలిపి గుండె మీద భారం పెంచుతాయి. గుండె, కిడ్నీ సమస్య ఉన్నవారు నొప్పికి ఏం వాడాలో డాక్టర్‌నే అడగాలి.

ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఆవకాయ, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలతో భోజనం చేసే మన ఇళ్లలో అది ఒక్క పూటకే దాటిపోతుంది. దీనికి విరుగుడుగా ‘లో సోడియం’ ఉప్పు కొంటున్నారా? సోడియం తగ్గించిన ఆ ఉప్పుల్లో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. బీపీ ఒక్కటే ఉన్నవారికి అది మేలు చేయొచ్చు గానీ, కిడ్నీ జబ్బు ఉన్నవారికి ప్రాణం మీదకు తేవచ్చు. కొబ్బరినీళ్లదీ అదే సంగతి. ‘చలువ’ అని కిడ్నీ రోగికి రోజూ తాగించడం ప్రమాదం.

యాంజియోగ్రామ్ చేయాలంటే ముందు క్రియాటినిన్ చూస్తారు. అందులో వాడే డై కిడ్నీలపై భారం వేయవచ్చు కాబట్టి. మీకు కిడ్నీ సమస్య ఉంటే ముందే చెప్పండి. అలాగని గుండెపోటు వచ్చినప్పుడు కిడ్నీల భయంతో ఆలస్యం చేయొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

డయాలసిస్ దాకా వస్తే

సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు చేస్తారు. బస్సు చార్జీలు, కూలి పోతుందన్న బాధతో రెండుసార్లకు కుదించుకునేవారు ఉన్నారు. రెండు డయాలసిస్‌ల మధ్య విరామం ఎక్కువైన రోజుల్లోనే నీరు, పొటాషియం పేరుకుని గుండె ఆగే ప్రమాదం పెరుగుతుంది. తప్పనిసరై ఒకటి మానాల్సి వస్తే ఆ విషయం డయాలసిస్ సెంటర్‌కు చెప్పి, మర్నాటికైనా చేయించుకోండి.

2016లో మొదలైన ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో పేదలకు ఉచితంగా చేస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ కిందా డయాలసిస్, గుండె చికిత్సలు వస్తాయి. తెలంగాణలో ఈ పథకం పరిమితిని 2023 డిసెంబరులో ఏటా కుటుంబానికి రూ.10 లక్షలకు పెంచారు. డయాలసిస్ రోగులకు ఆంధ్రప్రదేశ్‌లో నెలకు రూ.10,000 పింఛను ఉంది. తెలంగాణలో 2023 నుంచి రూ.2,016 ఇస్తున్నారు.

వీటికి వెళ్లేటప్పుడు ఆధార్, రేషన్ కార్డుతో పాటు పాత క్రియాటినిన్ రిపోర్టులన్నీ తేదీల వరసన పెట్టుకుని తీసుకెళ్లండి. ఒక్క అంకె కంటే అది ఎంత వేగంగా మారిందన్నదే డాక్టర్‌కు ఎక్కువ చెబుతుంది. వాడే మాత్రల అట్టలూ, నొప్పి బిళ్లలతో సహా, సంచిలో వేసుకోండి. మీ కార్డుకు ఏ ఆసుపత్రి వర్తిస్తుందో తెలియకపోతే రెండు రాష్ట్రాల్లోనూ 104కు ఫోన్ చేసి అడగొచ్చు. ఆసుపత్రుల్లో ఉండే ఆరోగ్యమిత్ర కౌంటర్‌లోనూ కనుక్కోవచ్చు.