గట్టు పక్క మునుం

రా అబ్బయా, కూర్చో. తొందరేముంది? ఆ ఫోను కాస్త పక్కన పెట్టు, కాళ్ళొచ్చి పారిపోదులే.

పావలాకి టీ వచ్చే రోజుల మాట. మా ఉదయగిరి వైపంతా మెట్ట. వాన పడితే సజ్జ, జొన్న, పడకపోతే వలస. నాట్ల కాలం వస్తే మూటాముల్లె సర్దుకుని ఆత్మకూరు వైపు, పెన్న నీళ్ళు పారే మాగాణికి పోయేవాళ్ళం. కూలి వడ్లల్లోనే. మానిక నింపి పైన చేత్తో గీసేస్తాడా, గుట్టగా పోస్తాడా అన్నదాన్నిబట్టి ఆసామి గుణం తేలిపోయేది.

ముఠాలు కట్టి పోయేవాళ్ళం, ముఠాకొక మేస్త్రి. మొదట మాకు దొరికినవాడు నోరు తెరిస్తే తిట్టే. కాస్త పొద్దెక్కి పోతే అరకూలి కోత. వాడు బీడీ ముట్టించుకోను అటు తిరిగాడో లేదో, మడిలో వంగిన నడుములన్నీ ఒక్కసారిగా లేచేవి! మరుసటేడు వాడి ముఠాలోకి ఒక్కరూ రాలేదు. అప్పుడు ఇంటింటికీ తిరిగి బతిమాలాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు.

రెండోవాడు వేరే. పొద్దున్నే ఎవరి మునుం, అదే నాటే వరస, ఎక్కడో చూసి నిలబెట్టేవాడు. బాలింతకు ఎప్పుడూ గట్టు పక్క మునుమే. వేపకొమ్మకు కట్టిన ఉయ్యాల్లో బిడ్డ ఏడిస్తే రెండంగల్లో చేరుకుంటుందని. అడగందే అమ్మైనా పెట్టదంటారు గదా, ఆమె అడగనేలేదు. ముసలివాళ్ళకు నారుకట్టలు అందించే పని. ఎవరికన్నా ఒళ్ళు వెచ్చబడితే ముందు "గంజి తాగావా?" అనేవాడు. అట్టాగని మెతక మనిషనుకునేవు! నాటు పల్చబడితే పీకించి మళ్ళీ నాటించేవాడు. ఆసామి ముందర మాత్రం తప్పు తనమీదే వేసుకుని, మందలించేదేదో సాయంత్రం గుడిసె దగ్గర, నలుగురూ లేనప్పుడు మందలించేవాడు.

ఒక ఏడు నారు ముదిరిపోతా ఉంది, కాలవ నీళ్ళు ఇంకెన్నాళ్ళో రావు. మేస్త్రి ఎవరినీ ఏమీ అడగలేదు. రాత్రి అన్నాలు తిన్నాక ఆ బాలింతే ముందు చీర ఎగదోపుకుని వెన్నెల్లో మడిలోకి దిగింది. ఆమె వెనక అందరం దిగాం. పై కూలి మాట ఎవరూ ఎత్తలేదు.

మేస్త్రి చేతిలో కనీసం కూలన్నా ఉంటుంది. అదీ లేని మనిషి వెనక ఊళ్ళే నడిచాయి. మన కలిగిరి పక్క దూబగుంట తెలుసుగా? 1991లో జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. పగలంతా కూలి చేసిన ఆడవాళ్ళు రాత్రి లాంతరు చుట్టూ పలకలు పట్టారు. అక్షరాలతోపాటు సారాతో కూలిపోతున్న కాపురాల గోడు కూడా అక్కడే బయటపడింది. ఆ ఊరి రోశమ్మ ముందు నిలిచింది. హోదా లేదు, జీతం లేదు. తోటి ఆడదాని బాధ తన బాధ అనుకుంది, అంతే. దూబగుంట ఆడవాళ్ళు సారా అంగడి మూయించారు. ఆ వేడి జిల్లా అంతా పాకి, రాష్ట్రాన్ని చుట్టి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం తెచ్చింది. కుర్చీలో ఉన్నవాళ్ళు ఆమె మాట వినాల్సి వచ్చింది.

నువ్వూ ఇప్పుడు పదిమందికి టీమ్ లీడరువట గదా. మీసం మెలేస్తే మెలేసుకో, వద్దనను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది. అయితే ఉత్త తీపి మాటలతో సరిపోదురా, ఎవరికి గట్టు పక్క మునుం కావాలో వాళ్ళు నోరు తెరవకముందే చూడాలి. పని తప్పితే గట్టిగా చెప్పు, కానీ పైవాళ్ళ ముందర వాళ్ళను కాచుకో. జీతం ఇచ్చి చేతులు కొనొచ్చు. మనసు పెట్టి చేసే పని మాత్రం అట్టాంటి మేస్త్రికే దక్కుతుంది.